గుండెపోటు తర్వాత లయ తప్పితే

గుండెపోటుతో చనిపోయేవారిలో చాలామంది ఆసుపత్రికి చేరకముందే ప్రాణం వదులుతారు. గుండె మొత్తం ఒక్కసారిగా పాడైపోవడం వల్ల ఇలా జరగదు. సాధారణంగా కండరంలో ఒక భాగానికే దెబ్బ తగులుతుంది, మిగతాది ఇంకా పనిచేయగల స్థితిలోనే ఉంటుంది. కానీ కొట్టుకునే వరసను నడిపే విద్యుత్తు చెదిరిపోతే ఆ బాగున్న కండరం కూడా రక్తాన్ని నెట్టలేదు. చెదిరిన లయను సకాలంలో సరిచేయగలిగితే మనిషి బతుకుతాడు, చాలాసార్లు ఏళ్ల తరబడి మామూలు జీవితమే గడుపుతాడు.

ఈ ప్రమాదం కాలంతో పాటు మారుతుంది. మొదటి గంటలో అది అన్నిటికంటే ఎక్కువ. ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో తగ్గుతుంది. ఇంటికి వచ్చాక మొదటి కొన్ని వారాలు మళ్లీ జాగ్రత్తగా చూడవలసిన కాలం. ఆ తర్వాత ముప్పు ఎంతన్నది గుండెలో మిగిలిన మచ్చను, గుండె బలాన్ని బట్టి ఉంటుంది. ఒక్కో దశలో పనికొచ్చే రక్షణ వేరు. ఏ దశలో ఏం చేయాలో రోగితో పాటు ఇంట్లోవాళ్లకూ తెలిసి ఉండాలి.

గుండెపోటు వేరు, గుండె ఆగడం వేరు

గుండెపోటు రక్తప్రసరణకు సంబంధించిన సమస్య. హృదయ ధమని లోపలి గోడలో పేరుకున్న కొవ్వు పొర చిట్లుతుంది, దాని మీద రక్తం గడ్డ కడుతుంది, దారి మూసుకుపోతుంది. ఆ ధమని మీద ఆధారపడిన కండరానికి ఆక్సిజన్ అందక అది నిమిష నిమిషానికి చచ్చిపోతూ ఉంటుంది. రోగికి స్పృహ ఉంటుంది, మాట్లాడతాడు, ఛాతీ పట్టేసినట్టుందని చెబుతాడు, చెమటలు పడతాయి.

గుండె ఆగిపోవడం, అంటే కార్డియాక్ అరెస్ట్, లయకు సంబంధించిన సమస్య. మనిషి ఉన్నపాటున కూలిపోతాడు, పిలిస్తే పలకడు, నాడి దొరకదు. గుండెపోటు వచ్చిన ప్రతివారికీ గుండె ఆగదు. అయితే గుండె హఠాత్తుగా ఆగడానికి దారితీసే కారణాల్లో గుండెపోటు ముఖ్యమైనది. మొదటిదానికి మూసుకున్న ధమనిని తెరవాలి. రెండోదానికి ఛాతీ నొక్కాలి, షాక్ ఇవ్వాలి. మొదటిదాంట్లో లెక్క గంటల్లో ఉంటుంది, రెండోదాంట్లో నిమిషాల్లో.

లయ ఎందుకు చెదురుతుంది

గుండెకు సొంత విద్యుత్ వ్యవస్థ ఉంది. కుడి కర్ణిక పైభాగంలోని సైనస్ నోడ్ విశ్రాంతిలో నిమిషానికి 60 నుంచి 100 సార్లు సంకేతం పంపుతుంది. అది పై గదులైన కర్ణికల గుండా ఏవీ నోడ్‌కు చేరి, అక్కడ క్షణకాలం ఆగి, సన్నని తీగల్లాంటి ప్రత్యేక కణాల ద్వారా కింది గదులైన జఠరికలకు పాకుతుంది. పై గదులు ముందు, కింది గదులు తర్వాత ముడుచుకుంటాయి. ఈ క్రమం వల్లే ముడుచుకున్న ప్రతిసారీ రక్తం బయటికి వస్తుంది.

ఆక్సిజన్ అందని కణాల్లో పొటాషియం, సోడియం, కాల్షియం సమతూకం తప్పుతుంది. బతికున్న కండరం, చచ్చిపోతున్న కండరం పక్కపక్కనే ఉంటాయి. ఒకచోట సంకేతం వేగంగా పరుగెత్తుతుంది, పక్కనే మెల్లగా సాగుతుంది, ఇంకోచోట ఆగిపోతుంది. అదే సమయంలో నొప్పి, భయం వల్ల ఒంట్లో అడ్రినలిన్ పెరిగి కణాలను మరింత రెచ్చగొడుతుంది. మొదటి గంటల్లో లయ చెదరడానికి మూలం ఇది.

వారాలు గడిచేసరికి చచ్చిన కండరం స్థానంలో మచ్చ ఏర్పడుతుంది. మచ్చలో విద్యుత్తు ప్రవహించదు. కానీ దాని అంచుల్లో అక్కడక్కడా బతికిన కండరపు పోగులు మిగిలి ఉంటాయి. కాలువలో అడ్డంగా ఉన్న బండ చుట్టూ నీరు సుడి తిరిగినట్టు, సంకేతం ఆ పోగుల గుండా మచ్చ చుట్టూ తిరగడం మొదలుపెడితే గుండె అతివేగంగా కొట్టుకుంటుంది. గుండెపోటు వచ్చి ఏళ్లయ్యాక కూడా కొందరిలో ఇలా జరగడానికి కారణం ఆ మచ్చ శాశ్వతంగా ఉండిపోవడమే.

ఏ లయ ప్రాణాంతకం, ఏది కాదు

అన్నిటికంటే ప్రమాదకరమైనది వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్, క్లుప్తంగా వీఎఫ్. జఠరికలు ముడుచుకోవడం మానేసి వణుకుతుంటాయి, రక్తం బయటికి రాదు. ఈసీజీలో ఎత్తుపల్లాల క్రమం మాయమై పిచ్చిగీతలు మాత్రమే కనిపిస్తాయి. సుమారు 10, 15 సెకన్లలో స్పృహ పోతుంది. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. దీన్ని ఆపగలిగింది కరెంట్ షాక్ ఒక్కటే.

రెండోది వెంట్రిక్యులర్ టాకికార్డియా, అంటే వీటీ. ఇక్కడ జఠరికలు వరసగానే, కానీ విపరీతమైన వేగంతో కొట్టుకుంటాయి. గదులు నిండే వ్యవధి లేక బీపీ పడిపోతుంది. 30 సెకన్లకు మించి సాగితే దాన్ని నిలకడ వీటీగా పరిగణిస్తారు. కొందరు స్పృహలోనే ఉండి దడ, కళ్లు తిరగడం గురించి చెబుతారు. కొందరిలో అది కాసేపటికే వీఎఫ్‌గా మారుతుంది.

మూడోది గుండె వేగం మరీ తగ్గిపోవడం. పైగదుల నుంచి కింది గదులకు సంకేతం అందకపోవడాన్ని హార్ట్ బ్లాక్ అంటారు. ధమనిలో పూడిక అనే అర్థంలో వాడే బ్లాక్‌కు దీనితో సంబంధం లేదు. గుండె కింది గోడకు వచ్చిన పోటులో ఈ బ్లాక్ చాలావరకు తాత్కాలికం, కొద్ది రోజుల్లో తగ్గిపోతుంది. ముందు గోడకు పెద్ద దెబ్బ తగిలినప్పుడు వచ్చేది మాత్రం తీవ్రమైనది, దానికి పేస్‌మేకర్ అవసరం కావచ్చు.

వీటి పక్కన అంత భయపడనక్కర్లేనివీ ఉన్నాయి. గుండె ఒక దెబ్బ ముందుగా కొట్టి, ఆగి, మళ్లీ గట్టిగా కొట్టినట్టు అనిపించే ఎక్టోపిక్ బీట్లు గుండెపోటు తర్వాత సర్వసాధారణం. మూసుకున్న ధమని తెరుచుకున్న వెంటనే నిమిషానికి 60 నుంచి 110 వేగంతో వచ్చే ఒక రకం జఠరిక లయ చాలావరకు దానంతటదే పోతుంది. పైగదుల్లో వచ్చే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ సాధారణంగా అప్పటికప్పుడు ప్రాణం తీయదు. కానీ పక్షవాతం ముప్పు పెంచుతుంది, గుండె బలహీనతను ఎక్కువ చేస్తుంది కాబట్టి చికిత్స తప్పనిసరి.

మొదటి గంట: ఇంట్లో, దారిలో

తెలుగు ఇళ్లలో ఈ గంట ఎక్కువగా గ్యాస్ నొప్పి అనే అనుమానం కిందే గడిచిపోతుంది. సోడా తాగించడం, గ్యాస్ మాత్ర వేయడం, కాసేపు పడుకోమనడం, తెల్లారాక చూద్దామనడం అలవాటు. ఛాతీ మధ్యలో బరువు, నొక్కేసినట్టు నొప్పి, అది ఎడమ చేతికో, దవడకో, వీపుకో పాకడం, చల్లని చెమట, వాంతి, ఆయాసం, వీటిలో ఏవైనా కలిసి వచ్చి తగ్గకపోతే గుండెపోటుగానే భావించి కదలాలి. షుగర్ ఉన్నవారిలో, వృద్ధుల్లో, స్త్రీలలో నొప్పి స్పష్టంగా లేకుండా ఆయాసం, నీరసం, చెమట మాత్రమే ఉండవచ్చు. నొప్పి గ్యాస్‌దా, గుండెదా అన్నది ఇంట్లో తేలే విషయం కాదు, ఈసీజీ తీస్తేనే తెలుస్తుంది.

రోగిని నడిపించకూడదు, మెట్లు ఎక్కించకూడదు, బండి తోలనివ్వకూడదు. 2005లో హైదరాబాద్ కేంద్రంగా మొదలైన 108 సేవకు ఫోన్ చేయడం మంచిది. సొంత కారులో గుండె ఆగితే చేయగలిగింది తక్కువ. పరికరాలు, శిక్షణ పొందిన మనిషి ఉన్న అంబులెన్సులో అవకాశం ఎక్కువ. ఆస్పిరిన్ పడనివారు, ఇటీవల కడుపులో రక్తస్రావం అయినవారు కాకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్‌ను నమిలి మింగాలి. 1988లో వెలువడిన ఐసిస్-2 పరిశోధనలో 17,187 మంది రోగులను పరిశీలించారు. ఐదు వారాల్లో జరిగే గుండె, రక్తనాళాల మరణాలను ఆస్పిరిన్ ఒక్కటే 23 శాతం, గడ్డ కరిగించే స్ట్రెప్టోకైనేస్ ఒక్కటే 25 శాతం, రెండూ కలిపి 42 శాతం తగ్గించాయి.

నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ విషయంలో జాగ్రత్త అవసరం. అది నొప్పి తగ్గించవచ్చు గానీ మూసుకున్న ధమనిని తెరవదు. బీపీ తక్కువగా ఉన్నవారికి, సిల్డెనఫిల్ రకం మాత్రలు వాడినవారికి ఇస్తే బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. వైద్యుడు ముందే రాసి ఇవ్వనివారికి పక్కింటివాళ్ల దగ్గరున్న మాత్ర తెచ్చి పెట్టకూడదు. గట్టిగా దగ్గితే గుండె మళ్లీ కొట్టుకుంటుందని వాట్సాప్‌లో తిరిగే సలహా ఒంటరిగా ఉన్న రోగిని కాపాడదు, ఫోన్ చేయవలసిన సమయాన్ని తినేస్తుంది.

కుప్పకూలితే

గుండె ఆగిన తొలి క్షణాల్లో కొందరి చేతులు, కాళ్లు కొట్టుకుంటాయి, గొంతులోంచి గురకలాంటి ఎగశ్వాస వస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లు దాన్ని మూర్ఛ అనుకుని చేతిలో తాళాలు పెడతారు, మొహాన నీళ్లు చల్లుతారు, నోట్లో నీళ్లు పోస్తారు. ఈ పనుల వల్ల విలువైన నిమిషాలు పోతాయి. నోట్లో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు కూడా. మనిషి పలకకపోతే, శ్వాస మామూలుగా లేకపోతే గుండె ఆగినట్టే లెక్క. నాడి కోసం వెతుకుతూ కూర్చోకూడదు. ఎగశ్వాసను చూసి బతికే ఉన్నాడని ఆగిపోకూడదు.

అప్పుడు చేయవలసింది ఈ వరసలో సాగాలి:

1. ఒకరు 108కు ఫోన్ చేసి స్పీకర్ ఆన్ చేయాలి. దగ్గర్లో షాక్ ఇచ్చే ఏఈడీ పరికరం ఉంటే తెమ్మని ఇంకొకరిని పంపాలి.
2. రోగిని మెత్తటి మంచం మీంచి గట్టి నేల మీదికి దించి వెల్లకిలా పడుకోబెట్టాలి.
3. పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఒక అరచేతి మడమను ఛాతీ మధ్య ఎముక కింది సగం మీద పెట్టాలి. రెండో చేతిని దాని మీద వేసి వేళ్లు పెనవేయాలి.
4. మోచేతులు వంచకుండా, భుజాలు సరిగ్గా చేతుల పైకి వచ్చేలా వంగి, ఒంటి బరువంతా వేసి నొక్కాలి. పెద్దవారిలో ఛాతీ 5 నుంచి 6 సెంటీమీటర్లు లోపలికి దిగాలి.
5. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి, అప్పుడే గుండె తిరిగి నిండుతుంది.
6. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి. అలసిన చేతులతో నొక్కితే లోతు తగ్గిపోతుంది, అది నొక్కేవారికి తెలియదు.
7. అంబులెన్స్ వచ్చేదాకా, లేదా రోగి కదిలేదాకా ఆపకూడదు.

నోట్లో గాలి ఊదడం నేర్చుకోనివారు ఛాతీ మాత్రమే నొక్కినా ఫలితం ఉంటుంది. పక్కటెముక విరిగినా ఆపకూడదు, ఎముక అతుక్కుంటుంది. చేతులతో ఛాతీ నొక్కి రక్తప్రసరణ నిలపవచ్చని 1960లో జాన్స్ హాప్కిన్స్‌కు చెందిన కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ ప్రకటించారు. అంతవరకూ వైద్యులు ఛాతీ కోసి గుండెను చేత్తో పట్టుకుని నొక్కేవారు. ఆ పరిశోధన తర్వాత ఈ పని ఎవరైనా, ఎక్కడైనా చేయగలిగేదిగా మారింది.

నొక్కడం మెదడుకు కొంత రక్తం అందిస్తూ సమయాన్ని కొనిపెడుతుంది. వీఎఫ్‌ను ఆపేది మాత్రం షాక్. ఏఈడీ అనే పెట్టెలాంటి పరికరం తెరిస్తే ఏం చేయాలో అదే మాటల్లో చెబుతుంది. తడి తుడిచి ప్యాడ్లు ఛాతీకి అంటిస్తే లయను అదే పరీక్షిస్తుంది. అవసరం లేనివారికి షాక్ ఇవ్వదు, కాబట్టి తప్పు జరుగుతుందన్న భయం అక్కర్లేదు. అమెరికాలోని జూదశాలల్లో భద్రతా సిబ్బందికి ఏఈడీ వాడకం నేర్పి, జరిగినదాన్ని 2000లో ప్రచురించారు. వీఎఫ్‌తో కూలిన 105 మందిలో 53 శాతం మంది బతికి ఇంటికి వెళ్లారు. కూలిన మూడు నిమిషాల్లోపు షాక్ అందినవారిలో 74 శాతం, అంతకంటే ఆలస్యమైనవారిలో 49 శాతం బతికారు. వారిని కాపాడినవాళ్లు వైద్యులు కారు, శిక్షణ పొందిన కాపలాదారులు. ఛాతీ నొక్కే సీపీఆర్, షాక్ రెండూ అందకపోతే గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం చొప్పున తగ్గుతుంది.

ఆసుపత్రిలో మొదటి రోజులు

1960ల ముందు గుండెపోటు రోగిని సాధారణ వార్డులో పడుకోబెట్టి వారాల తరబడి కదలనిచ్చేవారు కాదు. లయ తప్పి చనిపోతే పక్కనున్నవారికి కూడా ఆలస్యంగా తెలిసేది. 1961లో ఎడిన్‌బరోకు చెందిన డెస్మండ్ జూలియన్ ఈ రోగులందరినీ ఒకేచోట చేర్చి, ఈసీజీని నిరంతరం గమనిస్తూ, శిక్షణ పొందిన సిబ్బందిని పక్కనే ఉంచాలని ప్రతిపాదించారు. నేటి కరోనరీ కేర్ యూనిట్లు ఆ ఆలోచన నుంచి పుట్టాయి. 1962లో బెర్నార్డ్ లౌన్ ఏకముఖ విద్యుత్తుతో షాక్ ఇచ్చే యంత్రమైన డీఫిబ్రిలేటర్‌ను ప్రవేశపెట్టడంతో షాక్ సురక్షితమైంది. రోగి ఆసుపత్రికి వచ్చేదాకా ఆగడం ఎందుకని బెల్‌ఫాస్ట్‌లో ఫ్రాంక్ పాంట్రిడ్జ్ డీఫిబ్రిలేటర్‌నే అంబులెన్సులో ఎక్కించారు. 1960ల మధ్యలో ఆయన తయారుచేయించిన మొదటి యంత్రం కారు బ్యాటరీలతో నడిచేది, బరువు సుమారు 70 కిలోలు. నేడు చేత్తో పట్టుకెళ్లే ఏఈడీలకు అది పూర్వరూపం.

అయితే లయను కాపాడే అసలు చికిత్స మూసుకున్న ధమనిని తెరవడమే. ఎంత త్వరగా తెరిస్తే అంత తక్కువ కండరం చస్తుంది, మచ్చ అంత చిన్నదవుతుంది, తర్వాతి ఏళ్లలో లయ తప్పే ముప్పు అంత తగ్గుతుంది. క్యాథ్‌ల్యాబ్ ఉన్న ఆసుపత్రిలో ఈసీజీ నిర్ధారణ నుంచి సుమారు రెండు గంటల్లోపు యాంజియోప్లాస్టీ చేసి స్టెంట్ వేయగలిగితే అది మేలైన మార్గం. అంత త్వరగా చేరలేని ఊళ్లో ఉన్నవారు దగ్గరి ఆసుపత్రిలోనే గడ్డ కరిగించే ఇంజక్షన్ తీసుకుని, తర్వాత పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి. టెనెక్టెప్లేస్ వంటి ఈ మందులు మొదటి రెండు మూడు గంటల్లో బాగా పనిచేస్తాయి, 12 గంటలు దాటాక ప్రయోజనం తగ్గిపోతుంది. పెద్ద ఆసుపత్రి పేరు కోసం మూడు గంటల ప్రయాణం పెట్టుకుని దారిలో కండరాన్ని పోగొట్టుకోవడం నష్టం.

మొదటి 48 గంటల్లో వచ్చిన వీఎఫ్‌కు, ఆ తర్వాత వచ్చినదానికి అర్థం వేరు. మొదటిది ఆక్సిజన్ అందకపోవడం వల్ల వచ్చిన తాత్కాలిక అలజడి. దాన్ని దాటి ఇంటికి చేరినవారికి చాలావరకు దాని కోసమే పరికరం అమర్చనక్కర్లేదు. 48 గంటల తర్వాత, మరో తాత్కాలిక కారణమేదీ లేకుండా వచ్చినది మాత్రం మచ్చ నుంచి పుట్టిందని, మళ్లీ రావచ్చని సూచిస్తుంది. అలాంటివారికి ఒంట్లో అమర్చే డీఫిబ్రిలేటర్ అయిన ఐసీడీ గురించి ఆలోచించాలి. 24 గంటల్లో మూడు, అంతకు మించి వీటీ లేదా వీఎఫ్ దాడులు వస్తే దాన్ని విద్యుత్ తుఫాను అంటారు. బీటా బ్లాకర్లు, అమియోడరోన్, మత్తు, పొటాషియం మెగ్నీషియం సరిచేయడం, అవసరమైతే మచ్చలోని దారిని కాల్చే అబ్లేషన్ దీనికి చికిత్సలు.

ఈసీజీ బాగుపడటం, మనిషి బతకడం

గుండెపోటు తర్వాత ఎక్టోపిక్ బీట్లు ఎక్కువగా ఉన్నవారిలో ఆకస్మిక మరణాలు ఎక్కువని గమనించాక, ఆ బీట్లను మందులతో అణిచేస్తే మరణాలు తగ్గుతాయని 1970, 80లలో వైద్యలోకం నమ్మింది. ఈ నమ్మకాన్ని పరీక్షించడానికి అమెరికాలో క్యాస్ట్ అనే పరిశోధన జరిగింది. ఎన్‌కెనైడ్, ఫ్లెకెనైడ్ అనే మందులు ఎక్టోపిక్‌లను చక్కగా అణిచాయి. కానీ మందు వాడిన 755 మందిలో 63 మంది చనిపోయారు, ఉత్తుత్తి మాత్ర వాడిన 743 మందిలో చనిపోయినవారు 26 మంది. దెబ్బతిన్న కండరంలో ఆ మందులు కొత్త ప్రమాదకర లయలను పుట్టించాయి. 1989లోనే పరిశోధనలో ఈ రెండు మందుల భాగాన్ని ఆపేశారు.

గుండెపోటు రోగులకు ఈ ఫలితం నేర్పిన పాఠం నేటికీ వర్తిస్తుంది. దడ తగ్గించే మందు ప్రాణం కాపాడే మందు కానక్కర్లేదు. రోజంతా ఈసీజీ తీసే హోల్టర్ పరీక్షలో ఎక్టోపిక్‌ల సంఖ్య చూసి మందు మార్చమని ఒత్తిడి చేయడం, ఒకరికి పనిచేసిన మాత్ర ఇంకొకరు కొనుక్కోవడం ప్రమాదకరం. నిజంగా ఆయుష్షు పెంచినవి ఎక్టోపిక్ బీట్లను నేరుగా అణచడానికి కాని మందులే. 1982లో వెలువడిన బీహాట్ పరిశోధనలో 3,837 మందిని గమనించారు. ప్రొప్రనొలాల్ అనే బీటా బ్లాకర్ వాడినవారిలో మరణాలు 7.2 శాతం, వాడనివారిలో 9.8 శాతం.

స్టెంట్ల కాలంలో ఈ లెక్క కొంత మారింది. గుండె బలం మామూలుగా ఉన్నవారికి బీటా బ్లాకర్ వల్ల మరణాలు గానీ, మళ్లీ గుండెపోటు గానీ తగ్గలేదని 2024లో వచ్చిన రెడ్యూస్-ఎఎంఐ పరిశోధన చూపింది. బలం తగ్గినవారికి మాత్రం అది ఇప్పటికీ ముఖ్యమైన మందే. ఎవరికి ఎన్నాళ్లు అవసరమన్నది వైద్యుడు తేల్చాలి. రోగి తనంతట తాను ఒక్కసారిగా మానేస్తే గుండె వేగం ఎగబాకి ముప్పు వస్తుంది.

ఇంటికి వచ్చాక మొదటి మూడు నెలలు

డిశ్చార్జి కాగితాల్లో అన్నిటికంటే ముఖ్యమైన అంకె ఎజెక్షన్ ఫ్రాక్షన్, జనం పంపింగ్ అని చెప్పుకునేది. ఎడమ జఠరిక తనలో నిండిన రక్తంలో ఎంత శాతం ఒక్కో దెబ్బకు బయటికి పంపుతుందో అది చెబుతుంది. 50 శాతం పైన ఉంటే మంచిది. ఇది 100కు వేసే మార్కు కాదు, ఆరోగ్యవంతుల్లో కూడా 55 నుంచి 70 మధ్యే ఉంటుంది. 40కి తగ్గితే మందులు పట్టుదలగా వాడాలి, 35కు తగ్గితే ఆకస్మిక లయ మరణం గురించి ప్రత్యేకంగా ఆలోచించాలి.

పంపింగ్ తగ్గిన లేదా గుండె వైఫల్యం ఉన్న రోగులు 14 వేల మందికి పైగా పాల్గొన్న వాలియంట్ పరిశోధనలో ఆకస్మిక మరణం ముప్పు మొదటి 30 రోజుల్లో అత్యధికమని, ఆ తర్వాత క్రమంగా తగ్గుతుందని 2005లో తేలింది. ప్రాణాపాయం తప్పిందని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకునే నెల ఇదే. మందులు తప్పడం, ఊరి ప్రయాణాల్లో మాత్రలు అయిపోవడం ఎక్కువగా జరిగేదీ ఈ నెలలోనే.

ఆస్పిరిన్‌తో పాటు ఇచ్చే క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్‌ను సాధారణంగా ఏడాది పాటు వాడాలి. పన్ను తీయించుకోవాలన్నా, చిన్న ఆపరేషన్ ఉన్నా గుండె వైద్యుణ్ణి అడగకుండా ఆపితే స్టెంట్‌లో గడ్డ కట్టి మళ్లీ పోటు వస్తుంది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, పంపింగ్ తగ్గినవారికి రామిప్రిల్ వంటి మందులు, ఎప్లెరెనోన్ లేదా స్పైరనోలాక్టోన్ కూడా మరణాలను తగ్గించేవే. 2003లో వచ్చిన ఎఫీసస్ పరిశోధనలో ఎప్లెరెనోన్ ఆకస్మిక మరణాలను కూడా తగ్గించింది. అయితే ఈ మందులు కొందరిలో పొటాషియం పెంచుతాయి, కాబట్టి మధ్యమధ్య రక్తపరీక్ష అవసరం.

పొటాషియం, మెగ్నీషియం తగ్గడమూ అంతే ప్రమాదం. నీరు పోవడానికి మాత్రలు వాడేవారికి వేసవిలో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఈ లవణాలు త్వరగా పడిపోతాయి. అప్పుడు ఇంట్లోనే సరిపెట్టుకోకుండా రక్తపరీక్ష చేయించుకోవాలి. కొన్ని మామూలు మందులు ఈసీజీలో క్యూటీ అనే వ్యవధిని పొడిగించి వీటీకి దారితీయగలవు. అజిత్రోమైసిన్, వాంతులకు వాడే ఓండాన్‌సెట్రాన్, కొన్ని మానసిక వ్యాధుల మందులు అలాంటివి. జ్వరానికో, దగ్గుకో మందుల షాపులో అడిగి తెచ్చుకునే అలవాటు మానుకోవాలి, ఏ వైద్యుడి దగ్గరికి వెళ్లినా గుండె మందుల చీటీ చూపించాలి.

ఐసీడీ ఎవరికి, ఎప్పుడు

1966లో హ్యారీ హెల్లర్ అనే వైద్యుడు వీటీ దాడులతో చనిపోయాడు. ఆయన దగ్గర పనిచేసిన మిషెల్ మిరోవ్‌స్కీ, ఇలాంటి రోగి ఒంట్లోనే డీఫిబ్రిలేటర్ ఉంటే బతికేవాడు కదా అని ఆలోచించాడు. డీఫిబ్రిలేటర్ అభివృద్ధిలో పేరున్న బెర్నార్డ్ లౌన్ సైతం మొదట్లో ఈ ఆలోచనను గట్టిగా విమర్శించాడు. మిరోవ్‌స్కీ, ఆయన సహచరుడు మోర్టన్ మౌవర్ దాన్ని వదల్లేదు. 1980 ఫిబ్రవరిలో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో ఒక మహిళకు మొదటి ఐసీడీ అమర్చారు.

ఎడమ కాలర్ ఎముక కింద చర్మం లోపల అమర్చే ఈ పరికరం గుండె లయను ఎల్లవేళలా గమనిస్తుంది. వీటీ వస్తే ముందు చిన్న, వేగమైన సంకేతాలతో దాన్ని ఆపడానికి ప్రయత్నిస్తుంది, కుదరకపోతే షాక్ ఇస్తుంది. 2002లో వచ్చిన మాడిట్-2 పరిశోధనలో పాత గుండెపోటు ఉండి, పంపింగ్ 30 శాతం లేదా తక్కువ ఉన్న 1,232 మందిని చూశారు. సుమారు 20 నెలల్లో ఐసీడీ ఉన్నవారిలో 14.2 శాతం, లేనివారిలో 19.8 శాతం మంది చనిపోయారు.

ముప్పు మొదటి నెలలోనే ఎక్కువైతే పరికరాన్ని వెంటనే పెట్టకూడదా అన్న సందేహం సహజం. 2004లో డైనమిట్ పరిశోధన దాన్నే పరీక్షించింది. పోటు వచ్చిన 6 నుంచి 40 రోజుల మధ్య ఐసీడీ పెడితే లయ మరణాలు తగ్గాయి గానీ మొత్తం మరణాలు తగ్గలేదు. పైగా మొద్దుబారిన కండరం ధమని తెరిచాక వారాల్లో కోలుకుంటుంది, 30 ఉన్న పంపింగ్ 45కు చేరడం అరుదు కాదు. అందుకే గుండెపోటు తర్వాత కనీసం 40 రోజులు, స్టెంట్ లేదా బైపాస్ జరిగితే మూడు నెలలు సరైన మందులు వాడి, పంపింగ్ కొలిచే ఎకో పరీక్ష మళ్లీ తీసి నిర్ణయిస్తారు. అప్పటికీ 35 లేదా తక్కువ ఉండి ఆయాసం వంటి లక్షణాలు ఉన్నవారికి, 30 లేదా తక్కువ ఉంటే లక్షణాలు లేకపోయినా, ఐసీడీ సూచిస్తారు. ఈ రెండో ఎకో చేయించుకోకుండా వదిలేయడం తరచూ జరిగే పొరపాటు.

ఐసీడీ గుండెను బలపరచదు, మందులు మాన్పించదు. అది పెట్టుకున్నవారు ఒక్క షాక్ వచ్చి తర్వాత బాగానే ఉంటే అదే రోజు వైద్యుడికి తెలియజేయాలి. ఒకే రోజు రెండో షాక్ వచ్చినా, షాక్ తర్వాత నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉన్నా వెంటనే 108కు ఫోన్ చేయాలి. మొబైల్ ఫోన్‌ను పరికరానికి కనీసం 15 సెంటీమీటర్ల దూరంలో ఉంచాలి, ఆ వైపు చొక్కా జేబులో పెట్టుకోకూడదు. షాక్ వచ్చే సమయంలో రోగిని ముట్టుకున్నవారికి ప్రమాదం లేదు.

మామూలు జీవితంలోకి

గుండెపోటు నుంచి లేచినవారిని ఇంట్లో కదలనివ్వకపోవడం ప్రేమగా కనిపిస్తుంది గానీ మేలు చేయదు. వైద్యుడు అనుమతించాక కొద్ది నిమిషాల నడకతో మొదలుపెట్టి వారం వారం పెంచుకుంటూ పోవాలి. నడుస్తున్నప్పుడు మాట్లాడగలిగే వేగం సరైన వేగం. నడకలో ఛాతీ నొప్పి, కళ్లు చీకట్లు కమ్మడం, దడతో పాటు తూలిపోవడం ఉంటే ఆగి వైద్యుణ్ణి కలవాలి. కారణం తెలియకుండా ఒక్కసారి స్పృహ తప్పినా నీరసమని కొట్టిపారేయకూడదు. పాత గుండెపోటు ఉన్నవారిలో అది వీటీ హెచ్చరిక కావచ్చు.

పోటు తర్వాత పొగ మానినవారిలో మరణాలు, కొనసాగించినవారితో పోలిస్తే, సుమారు మూడో వంతు తగ్గుతాయి. ఇంత ప్రయోజనం ఇచ్చే మాత్ర అరుదు. చుట్ట, బీడీ కూడా పొగ లెక్కలోకే వస్తాయి, గుట్కా కూడా మానాలి. ఒకేసారి ఎక్కువగా మద్యం తాగడం లయను చెడగొడుతుంది. రాత్రి పడుకుంటే లేస్తానో లేదో అన్న భయం, దిగులు చాలామందిని నెలల తరబడి వెంటాడతాయి. దిగులు ఉన్నవారు మందులు సరిగా వాడరు, నడవరు, వారిలో మరణాలు కూడా ఎక్కువ. దాన్ని కూడా వైద్యుడికి చెప్పి చికిత్స తీసుకోవాలి.

డిశ్చార్జి రోజున నాలుగు ప్రశ్నలకు జవాబులు కాగితం మీద రాయించుకోవాలి. పంపింగ్ ఎంత? మళ్లీ ఎకో ఏ తేదీన? ఏ మాత్ర ఎన్నాళ్లు, ఏది ఎప్పటికీ ఆపకూడదు? కూలిపోతే ఎవరికి ఫోన్ చేయాలి? ఆ కాగితం ఇంట్లో అందరికీ కనిపించేచోట ఉండాలి. ఆసుపత్రి బయట గుండె ఆగే సంఘటనల్లో ఎక్కువ భాగం ఇంట్లోనే జరుగుతాయి, మొదట చేరేది భార్య, భర్త, కొడుకు, కూతురు, పక్కింటివారు. కాబట్టి గుండెపోటు వచ్చిన మనిషి ఉన్న ప్రతి ఇంట్లో కనీసం ఇద్దరు, రోగి ఆసుపత్రి నుంచి ఇంటికి రాకముందే, సీపీఆర్ నేర్చుకోవాలి.